రైతు యింటి ఉదయాహారము – దిబ్బరొట్టెను గూర్చి కొన్ని మాటలు

ఈ పత్రికలో మేము సాధారణముగా విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, తెగుళ్లను గూర్చియు వ్రాయుచుందుము. ఈ మాసము రొట్టెను గూర్చి వ్రాయబూనుట చూచి కొందరు సభ్యులు నవ్వుకొనవచ్చును. పొలముపని చెప్పవలసినవానికి వంటయింటిలో నేమి పని యని యడుగవచ్చును. అడుగుట న్యాయమే. కాని పొలమున పండిన గింజ యింటి గడప దాటి లోనికి రాక నేరుగా లారీ యెక్కుచుండగా, ఆ యింటి పిల్లలు బజారు బిస్కత్తులు తిని బడికి పోవుచుండగా, పొలమునకును వంటయింటికిని సంబంధము లేదనుట మాకు సాధ్యము కాకున్నది.

మా వృత్తినిబట్టి తెల్లవారుజామున గ్రామములకు పోవుట మాకలవాటు. మాఘ ఫాల్గుణ మాసములలో, మాగాణి మినుము తీయు కాలమున, డెల్టా గ్రామములలో మేము పలుమారు చూచిన సంగతి చెప్పుచున్నాము. ఆరు గంటలకు మగవారు సెంటరులోని టీ కొట్టు బల్లలమీద నుందురు. ఆడువారిలో ననేకులు అప్పటికే ఏమియు తినక, అన్నపు క్యారేజీ చేతబట్టుకొని, మినుము తీతకు పోయియుందురు. ఎనిమిది గంటలకు పిల్లలు బడిదారిలో బిస్కత్తు పొట్లమో, బన్నో కొని నడచుచునే తినుచుందురు. అదే వీథిలో కళ్లముమీద మినుముల బస్తాలు కాటాకు సిద్ధముగా నుండును. సాయంకాలమున కవి యుండవు. పదిదినములు గడచునప్పటికి అదే యింటి యిల్లాలు దుకాణమునుండి అరకిలో మినపగుండ్లు తెప్పించుకొనును. తన పొలమున తన చేతితో పీకిన పంటను, నడుమనున్నవారి లాభమంతయు కలిపి, తానే తిరిగి కొనుచున్నదన్నమాట.

మేము చెప్పదలచిన దిబ్బరొట్టె క్రొత్తది కాదు. కృష్ణా గోదావరి ప్రాంతములవారికి దాని పేరు చెప్పినంతనే వాసన గుర్తుకు వచ్చును. కొందరు మినపరొట్టె యందురు. ఇతర ప్రాంతముల సభ్యులకొరకు కొంచెము వివరింతుము. పొట్టు తీసిన మినపపప్పు ఒక పాలు నాలుగు గంటలసేపు నానవేసి, నీరు వీలైనంత తక్కువ పోసి, కాటుకవలె మెత్తగా రుబ్బవలెను. బియ్యపు రవ్వ రెండు పాళ్లు కడిగి, నానిన తరువాత నీరు పిండివేసి, ఆ రుబ్బిన పిండిలో కలుపవలెను. ఉప్పు, జీలకర్ర చేర్చి రాత్రి మూతపెట్టి యుంచవలెను. పిండి జారుగా నుండకూడదు. చేతితో తీసిన ముద్దగా పడవలెను. దోసెల పిండితో దిబ్బరొట్టె వేయబూనినవారు చెడగొట్టుకొని, తప్పు రొట్టెమీద పెట్టుటయు మేము చూచితిమి.

తెల్లవారిన తరువాత అడుగు మందముగల యినుప మూకుడుగాని, ఇత్తడి గిన్నెగాని పొయ్యిమీద పెట్టి, నూనె కొంచెము ధారాళముగానే పోసి, పిండిని రెండంగుళముల మందమున పరచి, మూత పెట్టవలెను. పూర్వము క్రింది మంట తీసివేసి నిప్పులుమాత్ర ముంచి, మూతమీద మరికొన్ని నిప్పులు పోసెడివారు. ఈ మీది నిప్పులలోనే కిటుకంతయు నున్నది. క్రిందను మీదను సెగ సమానముగా తగులుటచేత రొట్టెను తిరుగవేయ నక్కరలేదు. అరగంట నుండి ముప్పాతిక గంటలో అడుగున ఎఱ్ఱని పెచ్చు కట్టి, లోపల దూదివలె ఉడుకును. నేడు గ్యాసుపొయ్యి గలవారు మంటను మిక్కిలి తగ్గించి, మందపు మూత పెట్టి, నడుమ నొకసారి తిరుగవేసినచో చాలును. రుచి కొంచెము తగ్గునని పెద్దవా రందురు. మేమును అట్లే తలంతుము గాని, కట్టెలపొగలో ఆడువారి కన్నులును ఊపిరితిత్తులును ఎంత చెడునో చూచినవారము గనుక ఆ రుచికొరకు పొగపొయ్యిని మరల తెమ్మని మేము చెప్పజాలము.

రొట్టె కాల్చు విద్య మనకు లేదనియు, అది దొరలతో వచ్చినదనియు చదువుకొన్నవారు కొంద రనుచుందురు. క్రిందను మీదను నిప్పులుపెట్టి నడుమ పిండిని కాల్చుట కంటె పొయ్యిగూటిలో జరుగున దేమున్నది? ఈ సందర్భమున ఒక మాట: ఈ దేశమున నున్న తెల్లవారి వంటవారే పూర్వము తమ గోధుమరొట్టెను పొంగించుటకు మన కల్లును వాడుచుండిరి. మన మినపపిండికి ఆ యవసరము లేదు. పప్పుతోడనే వచ్చు సూక్ష్మజీవులు, ముఖ్యముగా ల్యూకొనోస్టాక్ అను జాతివి, రాత్రివేళ పిండిలో వృద్ధిపొంది గాలిని పుట్టించును. మినుములోని జిగురు ఆ గాలిని బయటికి పోనీయక పట్టియుంచును. గోధుమలోని జిగట చేయు పనినే యిచ్చట మినుము చేయుచున్నది. చలికాలమున పిండి పొంగలేదని వంటసోడా వేయువారు తొందరపడుచున్నారు. గిన్నెను వెచ్చని చోట నుంచి, మరి రెండు మూడు గంటలు ఆగిన చాలును.

ఇక దీనివలన ప్రయోజన మేమి? మినపపప్పులో మాంసకృత్తులు నూటికి సుమారు 24 పాళ్లు. తెల్లబియ్యమున 7 లేక 8 పాళ్లు మాత్రమే. అంతేకాదు. బియ్యపు మాంసకృత్తులలో లైసిన్ అను ద్రవ్యము తక్కువ, పప్పులో అది యెక్కువ. పప్పులో మిథియోనిన్ తక్కువ, బియ్యమున దానికంటె మేలు. రెండును కలిసినప్పుడు ఒకదాని లోటును మరియొకటి తీర్చును. మన పెద్దలు ఈ పేర్లెరుగరు గాని రెండు పాళ్లు బియ్యమునకు ఒక పాలు పప్పు కలుపుట యెరుగుదురు. టీలో ముంచిన మైదా బన్నునకు ఈ గుణము లేదు. అది ఆకలిని గంటసేపు మోసపుచ్చును.

డెల్టా వాసులకు ఈ విషయమున ఒక పాతకథ జ్ఞప్తికి తేవలసియున్నది. మరబియ్యము వచ్చిన పిమ్మట ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి యను వ్యాధి ప్రబలెను. కాళ్లు తిమ్మిరెక్కుట, వాచుట, గుండె బలహీనపడుట దాని లక్షణములు. తవుడంతయు పోయిన పచ్చిబియ్యమును తినుటచేత బి విటమినులలో నొకటియైన థయమిన్ చాలకపోవుటయే దానికి కారణము. 1918లో రాబర్టు మెకారిసన్ అను వైద్యుడు నీలగిరులలోని కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన నారంభించెను. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చినది. ధాన్యము సమృద్ధిగా పండు సీమలోనే తిండిలోపముచేత మనుష్యులు కుంటువడిరన్నచో, పంట కలిగినంతమాత్రాన తిండి కలిగినట్లు కాదని తెలియుచున్నది. నేడు బెరిబెరి అరుదు. కాని బియ్యము మునుపటికంటె తెల్లనైనది, మధుమేహము ఊరూర నున్నది. కావున దిబ్బరొట్టెకును తెల్లరవ్వయే కావలెనని పట్టు పట్టవలదు. దంపుడుబియ్యపు రవ్వతోను, కొఱ్ఱరవ్వతోను, జొన్నరవ్వతోను గూడ అది చక్కగా వచ్చును. జొన్నరవ్వను మాత్రము ఎక్కువసేపు నానబెట్టవలెను.

మెట్ట ప్రాంతముల సభ్యులు తమకు మినుములతో పని లేదనుకొనవలదు. రాయలసీమవారి రాగిసంకటిని, తెలంగాణమువారి జొన్నరొట్టెను విడిచిపెట్టి దిబ్బరొట్టె తినుమని మేము చెప్పుట లేదు. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నపుధాతువు కలదు. తెల్లబియ్యమున దానిలో ఇరువదవ పాలైనను లేదు. చద్దియన్నమును గూడ మేము తక్కువచేయము. రాత్రి మిగిలిన యన్నములో మజ్జిగ పోసి యుంచి, ఉదయమున ఉల్లిపాయతోను పచ్చిమిరపకాయతోను తిని నాగలి పట్టినవారి బలము మన పెద్దలలో చూచితిమి. పని తొందర గల దినమున చద్దికి మించినది లేదు. మా మాట యొక్కటే: ఏ సీమవారైనను తాము పండించిన గింజతో తమ యింట చేసిన దేదో యొకటి, సూర్యుడు పైకెక్కకముందు, ఇంటిల్లపాదియు తినవలెను.

ఇంతవరకు వ్రాసినది మేము గ్రామసభలలో అనేక పర్యాయములు చెప్పినదే. చెప్పుటయందు మాకొక గర్వము గూడ నుండెను. ఆ గర్వము ఒకచోట భంగమైనది. దానిని దాచక చెప్పెదము.

రెండేండ్ల క్రిందట ఒక గ్రామమున సంఘపు గోదాముముందు సభ జరిగెను. మేము మాంసకృత్తులను గూర్చియు, బెరిబెరిని గూర్చియు చక్కగా ఉపన్యసించితిమి. మగవారు తలలూపిరి. వెనుక వరుసలో కూర్చున్న యొక పెద్దమ్మ, సంఘములో సభ్యురాలే, లేచి ఇట్లనెను: “బాబుగారూ, రొట్టె సంగతి మాకు తెలవదా? మా అమ్మ చేస్తే తిని పెరిగినదాన్నే. పప్పు నానేసేదెవరు, రుబ్బేదెవరు, పొయ్యి ముట్టించేదెవరు, పిల్లకి జడేసేదెవరు? ఆరింటికి ఆటో వచ్చి హారన్ కొడితే పోకపోతే ఆ రోజు కూలి పోయిందే. అప్పుడు మా ఆయన టీకొట్టుకాడుంటాడు. మీరు పదింటికొచ్చి చెబుతున్నారు. పొద్దున్నే ఐదింటికి రండి, చూద్దురుగాని.”

సభ నవ్వెను. మేమును నవ్వితిమి గాని మా వద్ద సమాధానము లేకపోయెను. అంతవరకు మేము చెప్పిన హితమంతయు, ఆలోచించి చూడగా, ఇదివరకే మోయలేని బరువు మోయుచున్నవారి తలమీద మరియొక తట్ట పెట్టుటయే యైనది. ఇంటిల్లపాది తినవలెనని చెప్పితిమి గాని ఇంటిల్లపాది చేయవలెనని చెప్పలేదు.

మేము చదువుకొన్న మిషను బడి వసతిగృహమున ఉదయము ఐదు గంటలకు గంట కొట్టెడివారు. ప్రార్థనలో ఏనాటి యాహారము నానాడు దయచేయుమని దేవుని వేడుకొని, పిమ్మట వంతుల ప్రకారము వంటశాలకు పోయెడివారము. ఒకడు గంజి కలియబెట్టును, ఒకడు నీళ్లు మోయును, ఒకడు గిన్నెలు తోమును. ఏ కులపు పిల్లవాడైనను, ఎంత యాస్తి గలవాని కుమారుడైనను వంతు తప్పదు. అచ్చట నేర్చిన యీ విద్యను ఇంటికి వచ్చి అనేకులము మరచితిమి. మేమును మరచినవారిలోనివారమే.

ఆమె చెప్పినట్లే తరువాత నొకనాడు ఐదు గంటలకు ఆ గ్రామమునకు పోయి, ఆ వీథిలో మూడిండ్లవారి యనుమతితో వారి ఉదయము నంతయు చూచితిమి. ఐదు గంటలనుండి ఏడు గంటలలోపల ఒక స్త్రీ చేయు పనులు లెక్కించుటకు మేము ప్రయత్నించి పదునెనిమిదవ పనికడ మానితిమి. పేడ తీయుట, పాలు పితుకుట, వాకిలి చిమ్ముట, నీళ్లు పట్టుట, మధ్యాహ్నపు క్యారేజీకి అన్నము కూర వండుట, అత్తగారికి మందులిచ్చుట, పిల్లలకు స్నానము, జడలు, పుస్తకముల సంచులు. దీని నడుమ ఒక్కొక్కటిగా దోసెలు వేయుచు నిలువుమనుట క్రూరము. చేతితో తట్టి జొన్నరొట్టెలు ఒక్కొక్కటే కాల్చుటయు అట్టిదే.

దిబ్బరొట్టెయందు మాకు గల యభిమానమునకు కారణము అక్కడ మరింత స్పష్టమైనది. ఇది ఒకసారి పొయ్యి యెక్కించిన తరువాత అరగంటసేపు మనిషి నిలువనక్కరలేని తిండి. ఒక్క రొట్టె కోసినచో నలుగురకు ముక్కలు వచ్చును. చల్లారినను తినవచ్చును, ఆకులో చుట్టి పొలమునకు కొనిపోవచ్చును. మరియు, మగవానికి నేర్పుట సులభము. వరి నారుమడికి ఎంత నీరు పెట్టవలెనో యెరిగినవానికి గ్యాసుమంట ఎంత తగ్గించవలెనో తెలియకపోదు. సాయంకాలము పప్పు నానవేయుట బడినుండి వచ్చిన పిల్లలు చేయగలరు. రుబ్బిన పిండిలో రవ్వ కలిపి గిన్నె కెత్తుట ఎవరైనను చేయగలరు. తెల్లవారి మూకుడు పొయ్యిమీద పెట్టి కాపు కాయుట యజమాని పని కావలెనని మా యభిప్రాయము. ఆ తరువాత టీ కొట్టునకు పోయిన పోవచ్చును.

పైన చెప్పిన పెద్దమ్మ భర్త కొన్ని వారముల పిదప దీనిని ప్రయత్నించెను. మొదటి రొట్టె అడుగు మాడి పైన పచ్చిగా నుండెనట. మంట తగ్గింపక మూత పలుమార్లు తీసి చూచుటచేత అట్లయినది. మూడవ రొట్టె సరిగా వచ్చినదని ఆయనయే మాతో చెప్పెను. ఆమె నడుగగా, “ఉప్పు మాత్రం నేనే వేస్తున్నాలెండి” అనెను.

ఇక లెక్క చూతము. ఐదుగురు గల యింట వారమునకు రెండు సారులు రొట్టె వేయుటకు, ఒక్కసారికి 200 గ్రాముల పప్పు చొప్పున, సంవత్సరమునకు సుమారు 21 కిలోల మినపపప్పు కావలెను. పొట్టు తరుగు పోవును గనుక 30 కిలోల మినుములు నిలువచేసికొన్న చాలును. 2024–25 సంవత్సరమునకు మినుములకు ప్రకటింపబడిన మద్దతు ధర క్వింటాలునకు 7,400 రూపాయలు. ఆ ధరను 30 కిలోలు 2,220 రూపాయలగును. ఒక యింటివారందరును కలిసి ఉదయపు టీకిని, బన్నులకును, బిస్కత్తులకును దినమునకు 20 రూపాయలే ఖర్చు పెట్టుదురనుకొందము. ఏడాదికి 7,300 రూపాయలు. అనగా రమారమి ఒక క్వింటాలు మినుములు టీ కొట్టు బల్లమీద కరగిపోవుచున్నవి. ఇరువది రూపాయలతో సరిపెట్టుకొను యిండ్లు ఎన్ని యున్నవో సభ్యులకే తెలియును.

మినుము నిలువయుంచిన పుచ్చిపోవుననువారు కలరు. నిజమే, పెంకుపురుగు కాయలలో పొలమునందే గ్రుడ్లుపెట్టి, గింజతోబాటు ఇంటికి వచ్చును. మంచి యెండలో రెండుమూడు దినములు గింజ కొరికిన పటుక్కున విరుగునంతవరకు ఎండబెట్టి, చల్లార్చి, గాలి చొరని డబ్బాలలో పోయవలెను. గింజకన్న పప్పునకు ఆ పురుగు బాధ తక్కువ గనుక తినుటకైనచో వెంటనే పప్పు విరిపించుకొనుట మేలు. గింజగానే ఉంచువారు కిలోకు 5 మిల్లీలీటర్ల వంటనూనె పట్టించి కలిపి యుంచిన పురుగు గ్రుడ్లు నిలువవు.

అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. వరికోతకు రెండుమూడు దినములు ముందుగా చేనిలో మినుములు చల్లి, మంచుతోను మిగిలిన పదునుతోను పంట తీయుట మన డెల్టాకు ఎప్పటినుండియో కలిగిన విద్య. గుంటూరు దగ్గరి లాం పరిశోధనా క్షేత్రమువారు దీనికొరకు మంచి రకముల నిచ్చిరి. అయినను పల్లాకు తెగులును, బంగారుతీగయు బాధించుటచేత, ఎక్కువ దిగుబడి యాశచేత, గత ఇరువది యేండ్లలో అనేక మాగాణులలో మినుముస్థానమున మొక్కజొన్న ప్రవేశించినది. మొక్కజొన్న వేసినవారిని మేము తప్పు పట్టము, వారి లెక్క వారికి కలదు. కాని మొక్కజొన్న కోళ్లదాణాకు పోవును, ఇంటికి తిరిగి రాదు. ఎకరములన్నియు మొక్కజొన్న వేయువారైనను పదిసెంట్లు మినుమునకు విడువవలెనని మా కోరిక. కౌలురైతులకు ఇదియు కష్టమే. కౌలు కట్టి అప్పు తీర్చినగాని వారిచేతిలో గింజ మిగులదు. వారికి హితము చెప్పినంతమాత్రాన చాలదు, సంఘము పూనుకొనవలెను.

ప్రభుత్వములు ఈ విషయమున కొంత కదలినవి. తమిళనాడులో 2022 సెప్టెంబరులో ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఉదయాహార మిచ్చుట ఆరంభించిరి. ఆంధ్రప్రదేశమున 2023 మార్చిలో ప్రభుత్వ పాఠశాలలలో రాగిజావ నిచ్చుట మొదలుపెట్టిరి. మేము సంతోషించితిమి. కాని ఆదివారమునను, సెలవులలోను, బడి యీడు దాటిన పిల్లకును, బడికి పోని ముసలమ్మకును జావ యెవరు పోయుదురు?

కావున మన సంఘము ముందు మూడు విషయము లుంచుచున్నాము. అప్పు వసూలుకై పంటను కాటా వేయునప్పుడు, ఇంటిఖర్చునకు 30 కిలోలు విడిచి మిగిలినది తూచుటకు కార్యదర్శిగారికి అధికార మీయవలెను. మినుములు పప్పుగా విరుచు చిన్న మర నొకటి గోదాము వసారాలో పెట్టవలెను. ఇంట గ్రైండరు లేని సభ్యులకొరకు సాయంకాలము ఆరునుండి ఎనిమిది వరకు పప్పు రుబ్బు యంత్రము నొకదానిని నామమాత్రపు రుసుముపై నడుపవలెను. దీనిమీద నష్టము వచ్చునని మా స్నేహితులైన పాలకవర్గపు సభ్యు లొకరు అనిరి. సంఘము ఎరువుల గోదామునకు తాళము పెట్టించుటలో లాభము చూచుటలేదు గదా.

రాబోవు మహాజనసభలో ఈ మూడును చర్చకు వచ్చును. ఆ సభను ఎప్పటివలె ఉదయము పది గంటలకు పెట్టక, ఆడువారు పొలమునుండి వచ్చిన తరువాత సాయంకాలము నాలుగు గంటలకు పెట్టవలసినదని కార్యదర్శిగారికి వ్రాసితిమి. వారు ఒప్పుకొన్నారు. సభ్యులు తమతోబాటు తమ యింటివారిని గూడ వెంటబెట్టుకొని రావలెను. ఆనాడు గోదాముముందు నాలుగు రకముల రవ్వలతో రొట్టెలు వేసి చూపుటకు ఏర్పాటు జరుగుచున్నది. మూకుడు తేగలవారు తెచ్చినయెడల ఉపకారము. రొట్టెలు వేయువారు మగవారే.